యూనివర్సిటీ డైరెక్టరీలో ఫోన్ నంబర్, ఈమెయిల్ వెతకడం ఎలా?

అమెరికా వీసాకి కావాల్సిన యూనివర్సిటీ పత్రం ఐ-20 ఇంకా రాలేదు. మెమోలో తండ్రి పేరు తప్పు పడింది. పీహెచ్‌డీకి ఫలానా ప్రొఫెసర్ దగ్గర చేరాలని ఉంది. ఇలాంటి పని పడగానే మనవాళ్లు ముందు వాట్సాప్ గ్రూపులోకి వెళ్లి "అన్నా, అక్కడ ఎవరైనా తెలుసా?" అని అడుగుతారు. తెలిసినవాళ్లు దొరికితే మంచిదే. కానీ గ్రూపుల్లో తిరిగే నంబర్ ఎప్పటిదో తెలియదు. ఆ గుమస్తా వేరే సెక్షన్‌కి మారిపోయి ఉండొచ్చు, నంబరే ఏజెంటుది కావచ్చు. అడగాల్సిన చోటు వివరాలు చాలావరకు యూనివర్సిటీ సొంత డైరెక్టరీలోనే, అంటే వాళ్ల వెబ్‌సైట్‌లో ఉండే ఉద్యోగుల, ఆఫీసుల జాబితాలోనే ఉంటాయి. ఎక్కువ మంది తెలుగు పిల్లలు వెళ్లేది అమెరికాకే కాబట్టి ముందు అక్కడి పద్ధతి చెప్పి, తర్వాత మన యూనివర్సిటీల సంగతికి వస్తాను.

మనిషి కావాలా, సీటు కావాలా?

సెర్చ్ బాక్స్‌లో ఏదైనా టైప్ చేసే ముందే ఇది తేల్చుకోవాలి. రీసెర్చ్ గురించి మాట్లాడాలంటే ఫలానా ప్రొఫెసరే కావాలి, ఇంకొకరు పనికిరారు. ఐ-20, ఫీజు, ట్రాన్స్‌క్రిప్ట్ (చదివిన సబ్జెక్టులు, మార్కుల పత్రం), అడ్మిషన్ స్టేటస్ లాంటివైతే మనిషి ఎవరైనా ఒకటే, ఆ పని చూసే సీటు, అంటే ఆఫీసు, ఏదన్నదే ముఖ్యం. సీటు పనికి మనిషి పేరుతో వెతికితే ఆయన సెలవులో ఉన్నప్పుడు మీ మెయిల్ అక్కడే ఆగిపోతుంది. ఆఫీసు పేరు మీద ఉన్న ఈమెయిల్ చాలా చోట్ల ఇద్దరు ముగ్గురు చూస్తారు, ఒకరు లేకపోయినా పని ఆగదు.

అమెరికాలో ఏ సీటు దేనికో కొంచెం తెలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది. ఐ-20, ఓపీటీ (చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసే తాత్కాలిక అనుమతి), వీసా స్టేటస్ లాంటివన్నీ ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు పని. అక్కడ సంతకం పెట్టే అధికారిని డీఎస్ఓ అంటారు. మార్కులు, డిగ్రీ సర్టిఫికెట్, ఎన్‌రోల్‌మెంట్ లెటర్ రిజిస్ట్రార్ చూస్తారు. ఫీజు కట్టినా బాకీ చూపిస్తుంటే బర్సర్ ఆఫీసు. ఎంఎస్ అప్లికేషన్ ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవాలంటే ప్రొఫెసర్లను విసిగించకండి. చాలా డిపార్ట్‌మెంట్లలో గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్ లాంటి పేరుతో ఒకరుంటారు. ప్రొఫెసర్లు జవాబివ్వని మెయిల్‌కి కూడా వీళ్లు చాలాసార్లు జవాబిస్తారు.

అసలు సైట్‌లోకే వెళ్లండి

గూగుల్‌లో యూనివర్సిటీ పేరు కొట్టగానే పైన వచ్చేవాటిలో కొన్ని ప్రకటనలు, కొన్ని కన్సల్టెన్సీల పేజీలు ఉంటాయి. అడ్రస్ చివర ఏముందో చూడండి. అమెరికా యూనివర్సిటీలకు డాట్ ఈడీయూ ఉంటుంది. 2001 నుంచి కొత్తగా దాన్ని అక్కడ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలకే ఇస్తున్నారు. బ్రిటన్‌లో డాట్ ఏసీ డాట్ యూకే, ఆస్ట్రేలియాలో డాట్ ఈడీయూ డాట్ ఏయూ, మన దేశంలో ఎక్కువగా డాట్ ఏసీ డాట్ ఇన్ లేదా డాట్ ఈడీయూ డాట్ ఇన్. ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌టీయూ హైదరాబాద్ మొదటి రకం. ఆంధ్రా యూనివర్సిటీ రెండో రకం.

చిరునామా ఒక్కటే చూసి నమ్మేయకూడదు కూడా. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుర్తుందా? అక్కడి ఇమిగ్రేషన్ అధికారులే నిఘా కోసం సృష్టించిన నకిలీ సంస్థ అని 2019 జనవరిలో బయటపడింది. పట్టుబడినవాళ్లలో మన తెలుగు పిల్లలు చాలామంది. దానికి వెబ్‌సైటూ ఉంది, ఫేస్‌బుక్ పేజీ కూడా ఉంది. పాఠాలు చెప్పేవాళ్లే లేరు. అందుకే డైరెక్టరీ అనేది నంబర్ కోసమే కాదు, చేరబోయే చోటు అసలుదో కాదో చూసుకోవడానికీ పనికొస్తుంది. మీరు చేరబోయే డిపార్ట్‌మెంట్ ఫ్యాకల్టీ పేజీ తెరిచి, నలుగురి పేర్లు తీసుకుని, వాళ్ల పేపర్లు, వాళ్లు చెప్పే కోర్సులు బయట ఎక్కడైనా కనిపిస్తున్నాయేమో చూడండి. ఒక్కరి జాడా దొరక్కపోతే డబ్బు కట్టకండి.

సైట్‌లోకి వెళ్లాక డైరెక్టరీ, పీపుల్, కాంటాక్ట్, ఏ-టు-జెడ్ ఇండెక్స్ లాంటి పేర్లున్న లింకు కోసం పేజీ పైభాగం, అడుగుభాగం చూడండి. చాలాసార్లు అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్ని చోట్ల సొంత పేరు కూడా పెడతారు. మిషిగన్ యూనివర్సిటీ వాళ్లది ఎంకమ్యూనిటీ. ఇప్పుడు ప్రపంచంలో లెక్కలేనన్ని ఆఫీసులు తమ ఉద్యోగుల జాబితా కోసం వాడే ఎల్‌డాప్ అనే పద్ధతి 1990ల మొదట్లో పుట్టింది కూడా ఆ యూనివర్సిటీలోనే.

పేరు టైప్ చేయడంలోనే తిరకాసు

సగం మంది వెనక్కి తిరిగేది ఇక్కడే. పూర్తి పేరు కొట్టి, ఏమీ రాకపోతే "లేడు" అనుకుంటారు. డైరెక్టరీ మనం అనుకున్నంత తెలివైనది కాదు. మీరు కొట్టిన అక్షరాలు దానిలో ఉన్న అక్షరాలతో సరిపోవాలి, అంతే.

కాబట్టి తక్కువ కొట్టండి. ఇంటిపేరు మాత్రం, అదీ మొదటి నాలుగైదు అక్షరాలు. ఎక్కువ పేర్లు వస్తే అప్పుడు డిపార్ట్‌మెంట్ ఎంచుకుని తగ్గించుకోవచ్చు. అమెరికన్ల పేర్లతో ఇంకో చిక్కు ఉంది. అందరూ బిల్ అని పిలిచే ఆయన రికార్డులో విలియం అయి ఉంటాడు, బాబ్ రాబర్ట్ అవుతాడు. ముద్దుపేరుతో దొరక్కపోతే అసలు పేరుతో చూడండి.

మన పేర్ల దగ్గరికొస్తే గందరగోళం ఇంకా ఎక్కువ. శ్రీనివాస్‌ని ఇంగ్లీషులో కొందరు ఎస్-ఆర్-ఐ అని మొదలుపెడతారు, కొందరు ఎస్-ఆర్-ఇ-ఇ అని. లక్ష్మిలో కొందరు కే-ఎస్-హెచ్ రాస్తే కొందరు ఒక్క ఎక్స్‌తో సరిపెడతారు. చౌదరికి ఎన్ని స్పెల్లింగులున్నాయో చెప్పక్కర్లేదు. ఇక్కడ ఇంటిపేరు ముందు వస్తుంది, అమెరికా రికార్డులో అది చివరికి వెళ్తుంది. కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరు మొత్తం ఒకే గడిలో పడి ఉంటుంది. అలాంటివాళ్లకి అక్కడి రికార్డుల్లో మొదటి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ అని ఎక్కుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. అందుకని తెలుగు ప్రొఫెసర్ కోసం వెతికేటప్పుడు ఇంటిపేరుతో ఒకసారి, సొంత పేరుతో ఒకసారి, స్పెల్లింగ్ మార్చి మళ్లీ ఒకసారి చూడాలి.

అయినా రాకపోతే గూగుల్‌నే ఆ సైట్ లోపలికి పంపొచ్చు. సెర్చ్‌లో సైట్ అనే మాట ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా యూనివర్సిటీ వెబ్ అడ్రస్ ఇచ్చి, ఆ తర్వాత ఖాళీ వదిలి పేరు కొట్టండి. ఆ సైట్‌లోని పేజీలే వస్తాయి. యూనివర్సిటీ సొంత సెర్చ్ బాక్స్ కన్నా చాలాసార్లు ఇదే బాగా పనిచేస్తుంది.

దొరికింది, ఇప్పుడు చదవండి

పేరు కింద ఉన్న హోదా చూడకుండా మెయిల్ పెట్టకండి. ఎమెరిటస్ అని ఉంటే ఆయన రిటైరయ్యారు, కొత్త విద్యార్థులను తీసుకోవడం అరుదు. అడ్జంక్ట్, విజిటింగ్ అన్నవాళ్లు బయటి నుంచి వచ్చి కొంతకాలం పాఠం చెప్పేవాళ్లు, వాళ్ల దగ్గర ఫండింగ్ ఆశించలేం. లెక్చరర్లు, టీచింగ్ ప్రొఫెసర్లు ఎక్కువగా క్లాసులే చూస్తారు. పీహెచ్‌డీ కోసమైతే అసిస్టెంట్, అసోసియేట్, ఫుల్ ప్రొఫెసర్ల మీద దృష్టి పెట్టండి. నా అభిప్రాయంలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లకి రాయడం మేలు, ల్యాబ్ అప్పుడే కట్టుకుంటున్నారు కాబట్టి మనుషుల అవసరం వాళ్లకే ఎక్కువ.

ఈమెయిల్ కొన్ని చోట్ల ఎట్, డాట్ అని మాటల్లో రాసి ఉంటుంది, లేదా బొమ్మగా పెడతారు. స్పామ్ పంపే ప్రోగ్రాములు ఏరుకోకుండా చేసే జాగ్రత్త అది. మామూలు గుర్తులు పెట్టి టైప్ చేసుకుంటే సరి. ఫోన్ దగ్గర నాలుగైదు అంకెలే ఉంటే అది క్యాంపస్ లోపలి ఎక్స్‌టెన్షన్. మెయిన్ నంబర్‌కి చేసి కలపమనాలి. 800, 888తో మొదలయ్యే టోల్‌ఫ్రీ నంబర్లు ఇండియా నుంచి చాలాసార్లు కలవవు, పక్కన మామూలు నంబర్ ఉందేమో చూడండి.

టైమ్ కూడా చూసుకోవాలి. డాలస్‌లో ఉదయం తొమ్మిదికి ఆఫీసు తెరిస్తే, వాళ్ల ఎండాకాలం గడియారం ప్రకారం మనకి రాత్రి ఏడున్నర. చలికాలంలో ఎనిమిదిన్నర. శనివారం పొద్దున్న లేచి ఫోన్ చేస్తే అక్కడ శుక్రవారం రాత్రి, ఎవరూ ఉండరు.

డైరెక్టరీలో ఈమెయిల్ కనిపించకపోతే ఆ ప్రొఫెసర్ ఈమధ్య రాసిన పేపర్ తీసి మొదటి పేజీ చూడండి. కరెస్పాండింగ్ ఆథర్ పేరు పక్కన నక్షత్రం గుర్తో (*) కవరు బొమ్మో ఉండి, కింద ఈమెయిల్ ఉంటుంది. పాత పేపర్ అయితే పాత యూనివర్సిటీ ఈమెయిల్ ఉంటుంది, జాగ్రత్త. గూగుల్ స్కాలర్‌లో ఈమెయిల్ మొత్తం కనిపించదు కానీ, అది ఏ యూనివర్సిటీదో చూపిస్తుంది. మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో తేల్చుకోవడానికి అది చాలు. భారతదేశంలోని అధ్యాపకులకైతే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ నడిపే, అధ్యాపకుల వివరాలుండే విద్వాన్ డేటాబేస్ ఉంది.

అమ్మానాన్నల కోసం ఒక మాట

అబ్బాయి రెండు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు. టెన్షన్‌లో డైరెక్టరీ తెరిచి కొడుకు పేరో, రూమ్మేట్ పేరో కొడితే ఏమీ రాకపోవచ్చు. అమెరికాలో విద్యార్థుల వివరాలకి 1974 నాటి ఫెర్పా అనే చట్టం కాపలా ఉంటుంది. పేరు, ఈమెయిల్ లాంటి కొన్ని వివరాలను యూనివర్సిటీ బయటపెట్టొచ్చు, కానీ విద్యార్థి వద్దంటే అవీ ఇవ్వరు. తల్లిదండ్రులమని చెప్పినా మార్కులు, అటెండెన్స్ చెప్పకపోవచ్చు. అది వాళ్ల నిర్లక్ష్యం కాదు, రూల్.

అప్పుడు వెతకాల్సింది సీటునే. డైరెక్టరీలో యూనివర్సిటీ పోలీస్ అని చూడండి. పెద్ద క్యాంపస్‌లలో దాదాపు అన్నిటికీ సొంత పోలీసులుంటారు, వాళ్ల నాన్-ఎమర్జెన్సీ నంబర్‌కి ఇండియా నుంచి చేయొచ్చు. 911 ఇక్కడి నుంచి కొడితే అమెరికాకి వెళ్లదు. ఫోన్ ఎత్తగానే పిల్లవాడి పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఉండే అడ్రస్ చెప్పి, వెల్ఫేర్ చెక్ కావాలని అడగండి. ఎవరో ఒకరు వెళ్లి తలుపు తట్టి చూస్తారు. క్యాంపస్ బయట అపార్ట్‌మెంట్ అయితే ఆ ఊరి పోలీసులకి చెప్పమంటారు, ఆ నంబర్ వాళ్లనే అడగండి. పని వేళల్లో డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసు, ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు కూడా సాయం చేస్తాయి. ఈ మూడు నంబర్లూ పిల్లలు విమానం ఎక్కకముందే రాసి ఫ్రిజ్ మీద అంటించుకోండి, రాత్రిపూట కంగారులో వెతకడం కష్టం.

మన యూనివర్సిటీల్లో

ఇక్కడ పేరు కొడితే వచ్చే డైరెక్టరీ అన్ని చోట్లా లేదు. ఉన్నచోట కూడా ఎప్పుడో పెట్టిన పీడీఎఫ్ కావచ్చు. కాబట్టి పేరు వదిలేసి విభాగం ద్వారా వెళ్లండి. సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో), ట్రాన్స్‌క్రిప్ట్, ప్రొవిజినల్, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) లాంటివన్నీ ఎగ్జామినేషన్ బ్రాంచ్ పని, పైన కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ ఉంటారు. మన డిగ్రీ అక్కడ దేనికి సమానమో తేల్చే ఎవాల్యుయేషన్ కోసం విదేశాలకి ట్రాన్స్‌క్రిప్ట్ నేరుగా యూనివర్సిటీ నుంచే పంపాలంటే అడగాల్సింది ఇక్కడే. అఫిలియేటెడ్ కాలేజీలో చదివినవాళ్లు చాలా పనులకి ముందు కాలేజీ ఆఫీసుకే వెళ్లాలి, యూనివర్సిటీకి ఫోన్ చేసినా అక్కడికే పంపిస్తారు. అమెరికా నుంచి హైదరాబాద్ ల్యాండ్‌లైన్‌కి చేసేటప్పుడు 040లోని సున్నా తీసేసి, 91 తర్వాత 40 కొట్టాలి. కలవడం లేదని వదిలేసేవాళ్లలో కొందరి చిక్కు ఆ సున్నాయే.

పేజీలో ఏమీ దొరక్కపోతే ఇంకో దారి ఉంది, చాలామందికి తట్టదు. సైట్ అడుగున ఆర్‌టీఐ అనే లింకు నొక్కండి. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి) ప్రకారం ప్రభుత్వ సంస్థలు అడగకుండానే ప్రకటించాల్సిన 17 అంశాల్లో తొమ్మిదోది అధికారులు, ఉద్యోగుల డైరెక్టరీ. పదహారోది పౌర సమాచార అధికారుల వివరాలు. ప్రభుత్వ యూనివర్సిటీలకీ ఇది వర్తిస్తుంది. అందంగా కట్టిన కాంటాక్ట్ పేజీలో లేని నంబర్లు కొన్నిసార్లు ఈ పేజీలో ఉంటాయి. విద్యార్థి ఫిర్యాదు అయితే యూజీసీ 2023 నిబంధనల ప్రకారం నియమించిన అంబుడ్స్‌పర్సన్ (విద్యార్థుల ఫిర్యాదులు విచారించే అధికారి) పేరు కోసం చూడండి.

ఇక రాసేటప్పుడు సబ్జెక్ట్ లైన్‌లోనే పని పేరు, హాల్‌టికెట్ నంబర్, పాసైన సంవత్సరం ఉండాలి. "రిక్వెస్ట్" అని ఒక్క మాట పెడితే ఎవరూ తెరవరు. ఆధార్, పాస్‌పోర్టు కాపీలు అడగకముందే జతచేయకండి. ఒకే మెయిల్‌ని డిపార్ట్‌మెంట్‌లో ఉన్న ఇరవై మందికీ పంపితే ప్రతివాళ్లూ పక్కవాళ్లు చూస్తారులే అనుకుంటారు, కాబట్టి ఒక్కరికే రాయండి. వారం పది రోజులు చూసి, అదే మెయిల్ కింద మళ్లీ రాయండి. అప్పటికీ జవాబు లేకపోతే ఫోన్ చేసి "ఈ సీటు ఇప్పుడు ఎవరు చూస్తున్నారండీ?" అని అడిగి, ఆ పేరుతో డైరెక్టరీలో మళ్లీ వెతకండి. మన ప్రభుత్వ యూనివర్సిటీ అయ్యుండి అదీ తేలకపోతే పది రూపాయల ఫీజుతో ఆర్‌టీఐ దరఖాస్తు పెట్టొచ్చు, మీ ఫైలు ఏ అధికారి దగ్గర ఉందో 30 రోజుల్లోగా చెప్పాలి.