వనరులను కావాలనే ఖాళీ చేసే టెస్టులు నిలకడగా నడవకపోతే: సమస్య - పరిష్కారం

మెమరీ అయిపోయినప్పుడు, డిస్కు నిండిపోయినప్పుడు, ఇక ఒక్క ఫైలు కూడా తెరవలేని స్థితి వచ్చినప్పుడు ప్రోగ్రాము తప్పును సరిగా తెలియజేసి ఆగుతుందా, లేక ఉన్న డేటాను కూడా పాడుచేసి కుప్పకూలుతుందా అన్నది తేల్చుకోవడానికి ఆ పరిస్థితిని కావాలనే సృష్టించే టెస్టులు రాస్తాం. ఇలాంటి టెస్టు డెవలపర్ కంప్యూటర్లో పాసై, సీఐ సర్వర్లో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులను తానే నడిపే సర్వర్) అప్పుడప్పుడు ఫెయిలవుతుంటే, లోపం చాలావరకు ప్రోగ్రాములో ఉండదు. టెస్టు తన వాటాను కాకుండా యంత్రం మొత్తానికీ చెందిన వనరును ఖాళీ చేయబోతోందన్నమాట. ఆ యంత్రంలో ఎంత మెమరీ ఉందో, పక్కన ఎవరెవరు వాడుకుంటున్నారో దానికి తెలియదు కాబట్టి ఫలితం రోజుకో రకంగా వస్తుంది. హద్దును చిన్నదిగా చేసి, దాన్ని ఆ ఒక్క టెస్టుకే పరిమితం చేయడం ఇక్కడ చేయవలసిన పని. ఎలా చేయాలన్నది వనరును బట్టి మారుతుంది.

లక్షణం: టెస్టు మధ్యలోనే మాయమవుతుంది, ఎగ్జిట్ కోడ్ 137 వస్తుంది

ఏ అసర్షనూ (ఫలితం అనుకున్నట్టే ఉందా అని చూసే వరుస) ఫెయిలైనట్టు ఉండదు, తప్పు ఎక్కడ జరిగిందో చూపే స్టాక్ ట్రేస్ కూడా ఉండదు. 137 అంటే 128కి 9 కలిపిన సంఖ్య. 9 అనేది ప్రాసెస్‌ను (నడుస్తున్న ప్రోగ్రామును) వెంటనే చంపే సిగ్‌కిల్ సిగ్నల్ సంఖ్య. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) లాగ్‌లో ఆ సమయానికి 'అవుట్ ఆఫ్ మెమరీ' అన్న వరుస కనిపిస్తే, ప్రాసెస్‌ను చంపింది ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోయినప్పుడు ఏదో ఒక ప్రాసెస్‌ను చంపే కెర్నల్ భాగం) అని నిర్ధారించుకోవచ్చు. కొన్నిసార్లు ఇంతకన్నా చిక్కు పరిస్థితి ఎదురవుతుంది: టెస్టు క్షేమంగానే ఉంటుంది, పక్కన నడుస్తున్న డేటాబేస్ సర్వరో, టెస్టులను నడిపించే రన్నరో చనిపోతుంది. అప్పుడు సంబంధం లేని మరో టెస్టు పేరు మీద ఫెయిల్ నమోదై, అందరూ దాని వెంట పడతారు.

దీనికి కారణం లినక్స్ మెమరీని పంచే తీరు. మెమరీ లేకపోతే మాలాక్ (సీ భాషలో మెమరీని అడిగే ఫంక్షన్) నల్, అంటే ఖాళీ చిరునామా, ఇస్తుందన్న నమ్మకంతో టెస్టు రాస్తాం. కానీ కెర్నల్ అడిగిన వెంటనే మెమరీని కేటాయించదు, చిరునామాలను మాత్రమే ఇస్తుంది, వాటిలోని ఒక్కో పేజీని (మెమరీలో ఒక చిన్న భాగాన్ని) ప్రోగ్రాము మొదటిసారి తాకినప్పుడే అసలు మెమరీని జతచేస్తుంది. ఉన్నదానికన్నా ఎక్కువ మెమరీకి మాట ఇవ్వాలా అన్నది నిర్ణయించే ఓవర్‌కమిట్ సెట్టింగ్ డిఫాల్ట్ విలువ 0 దగ్గర ఉన్నప్పుడు, యంత్రానికి స్పష్టంగా మించిపోయిన అభ్యర్థనను ఒకేసారి చేస్తే తిరస్కారం వస్తుంది. అదే మొత్తాన్ని చిన్న చిన్న ముక్కలుగా అడిగితే అన్నిటికీ సరేనని, తీరా వాడేటప్పుడు సిగ్‌కిల్ పంపుతుంది. స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడుకునే డిస్కు చోటు) ఉన్న యంత్రంలో ఈ రెండూ జరగక, అంతా నత్తనడక నడిచి టెస్టు టైమవుట్ అవుతుంది. ఒకే టెస్టుకు మూడు రకాల ముగింపులు వచ్చేది ఇందువల్లే.

పరిష్కారంగా, మెమరీని ఖాళీ చేసే భాగాన్ని ఒక చైల్డ్ ప్రాసెస్‌లోకి (టెస్టు తానే మొదలుపెట్టే వేరే ప్రాసెస్) మార్చి, అందులో మాత్రమే సెట్‌ఆర్‌లిమిట్ (ప్రాసెస్ వనరులకు హద్దులు పెట్టే సిస్టమ్ కాల్) ద్వారా ఆర్‌లిమిట్_ఏఎస్ హద్దును, ఉదాహరణకు 256 ఎంబీకి, తగ్గించండి. ఇది చిరునామాల మీద హద్దు కాబట్టి, దాటగానే కెర్నల్ చంపకుండా, మెమరీ లేదని చెప్పే ఈనోమెమ్ అనే ఎర్రర్‌ను ఇస్తుంది. టెస్టుకు కావలసింది అదే. అసలు మెమరీ మీద హద్దులా కనిపించే పేరు చూసి ఆర్‌లిమిట్_ఆర్‌ఎస్‌ఎస్ వాడకండి, ఈనాటి లినక్స్‌లో దానికి ఏ ప్రభావమూ లేదు. కంటైనర్‌కు (ప్రోగ్రామును మిగతావాటినుంచి వేరుచేసి నడిపే పరిసరం) పెట్టే మెమరీ హద్దు కూడా ఈ పనికి చాలదు. దాన్ని దాటినప్పుడు మాలాక్ విఫలం కాదు, మళ్లీ ఓఓఎం కిల్లరే వస్తుంది. ఆ హద్దు పక్కవారిని కాపాడడానికి పనికొస్తుంది, కాబట్టి రెండూ పెట్టడం మంచిది.

రెండు మినహాయింపులు గుర్తుంచుకోవాలి. అడ్రెస్ శానిటైజర్‌తో (మెమరీ వాడకంలో తప్పులను పట్టే సాధనం) బిల్డ్ చేసిన ప్రోగ్రాము 64 బిట్ యంత్రం మీద టెరాబైట్ల కొద్దీ చిరునామాలను ముందే రిజర్వ్ చేసుకుంటుంది కాబట్టి, ఆర్‌లిమిట్_ఏఎస్ పెడితే అది మొదలే కాదు. ఆ బిల్డులో ఈ టెస్టును వదిలేయడమే తేలిక. జావాలో అయితే చిన్న హీప్‌తో (ప్రోగ్రాము వస్తువులు ఉండే మెమరీ) వేరే జేవీఎంను (జావా ప్రోగ్రాములను నడిపే యంత్రాంగం) నడపాలి, ఎందుకంటే అవుట్‌ఆఫ్‌మెమరీఎర్రర్ ఆ క్షణాన మెమరీ అడిగిన ఏ థ్రెడ్‌కైనా తగలవచ్చు, ఆ థ్రెడ్ రిపోర్టు రాసే ఫ్రేమ్‌వర్క్‌దే కావచ్చు.

డీబగ్ బిల్డులో సరిగా నడిచి, ఆప్టిమైజ్ చేసిన బిల్డులో హద్దును ఎన్నటికీ చేరని టెస్టు ఉంటే, కంపైలర్‌ను అనుమానించండి. తీసుకున్న మెమరీని ఎక్కడా వాడకుండా తిరిగి ఇచ్చేస్తే, ఆ మాలాక్-ఫ్రీ జంటను కంపైలర్ పూర్తిగా తొలగించవచ్చు. ప్రతి పేజీలో ఒక బైటైనా రాసి, ఆ పాయింటర్‌ను కంపైలర్ తొలగించలేని పనిలో వాడాలి.

లక్షణం: 'టూ మెనీ ఓపెన్ ఫైల్స్' ఎర్రర్ అనుకోని చోట వస్తుంది, లేదా ఎంతసేపటికీ రాదు

ఫైల్ డిస్క్రిప్టర్లకు (తెరిచిన ఒక్కో ఫైలుకు ప్రాసెస్ వాడే సంఖ్యలకు) సాఫ్ట్ లిమిట్, అంటే ఇప్పుడు అమల్లో ఉన్న హద్దు, చాలా యంత్రాల్లో 1024 ఉంటుంది, కొన్ని కంటైనర్లలో పది లక్షలు దాటుతుంది. 1024 దగ్గర కన్నుమూసి తెరిచేలోగా ముగిసే లూపు, పది లక్షల దగ్గర టైమవుట్ అయ్యేదాకా తిరుగుతూనే ఉంటుంది. అందువల్ల చైల్డ్ ప్రాసెస్‌లో సాఫ్ట్ లిమిట్‌ను 64 వంటి సంఖ్యకు తగ్గించి మొదలుపెట్టండి. సాఫ్ట్ లిమిట్‌ను ఎంతవరకు పెంచుకోవచ్చో చెప్పే హార్డ్ లిమిట్‌ను ముట్టుకోవద్దు. మామూలు ప్రాసెస్ దాన్ని ఒకసారి తగ్గిస్తే మళ్లీ పెంచలేదు. ఇన్ని ఫైళ్లు తెరవాలని లెక్కపెట్టే కోడ్ కూడా వద్దు, ఎందుకంటే రన్నర్ నుంచి వారసత్వంగా వచ్చిన డిస్క్రిప్టర్లు యంత్రానికో సంఖ్యలో ఉంటాయి. ఎర్రర్ వచ్చేదాకా తెరవాలి.

వచ్చిన ఎర్రర్ సంఖ్యను కూడా పరిశీలించాలి. లినక్స్‌లో 24, అంటే ఈఎంఫైల్, ఈ ప్రాసెస్ హద్దు నిండిందని చెబుతుంది. 23, అంటే ఈఎన్‌ఫైల్, యంత్రం మొత్తం హద్దు నిండిందని చెబుతుంది. అది వచ్చిందంటే టెస్టు పక్కవారి పనిని కూడా ఆపేస్తున్నట్టే.

ఎర్రర్ అనుకోని చోట రావడానికి కారణం వేరు. డిస్క్రిప్టర్లు అయిపోయాక లాగ్ ఫైలు తెరవాలన్నా, డొమైన్ పేరును వెతకాలన్నా, అప్పటిదాకా లోడ్ కాని మాడ్యూల్‌ను తెచ్చుకోవాలన్నా ఒక డిస్క్రిప్టర్ కావాలి. పరీక్షించవలసిన ఫంక్షన్‌ను మామూలు పరిస్థితిలో ఒకసారి నడిపి, ఆ తర్వాతే హద్దును నింపండి. ఫలితాన్ని వేరియబుల్‌లో దాచుకుని, డిస్క్రిప్టర్లన్నీ మూసేశాకే అసర్షన్ రాయండి. పైథాన్‌లో తెరిచిన ఫైళ్లను ఒక లిస్టులో పట్టి ఉంచడం తప్పనిసరి. లేకపోతే సీపైథాన్ రిఫరెన్సు పోయిన వెంటనే ఫైలును మూసేస్తుంది, హద్దు ఎప్పటికీ నిండదు.

లక్షణం: డిస్కు నిండింది, కానీ రైట్ విజయవంతమైంది

బఫర్‌లోకి రాయడం డిస్కు మీదకు రాయడం కాదు. చోటు లేదని చెప్పే ఈనోస్పేస్ ఎర్రర్ ఫ్లష్ (బఫర్‌ను ఖాళీ చేయడం) దగ్గరో, ఎఫ్‌సింక్ (డిస్కు మీదకు తప్పనిసరిగా రాయించడం) దగ్గరో, క్లోజ్ దగ్గరో బయటపడవచ్చు, కాబట్టి అక్కడి ఫలితాలను కూడా ప్రోగ్రాము చూడాలి. చూడకపోతే అది టెస్టు లోపం కాదు, ప్రోగ్రాములోని నిజమైన బగ్. మరో కారణం, ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ డిఫాల్ట్‌గా 5 శాతం చోటును రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్) కోసం దాచి ఉంచుతుంది; కంటైనర్‌లో రూట్‌గా నడిచే టెస్టుకు, మామూలు యూజర్‌గా నడిచే టెస్టుకు డిస్కు వేర్వేరు క్షణాల్లో నిండుతుంది.

అసలు డిస్కును నింపవలసిన అవసరం చాలా అరుదు. లినక్స్‌లో /డెవ్/ఫుల్ అనే ఫైలుకు ఏది రాసినా ఈనోస్పేస్ వస్తుంది. సగం రాశాక చోటు అయిపోవడాన్ని పరీక్షించాలంటే 1 ఎంబీ పరిమాణంతో టీఎంపీఎఫ్‌ఎస్ (మెమరీలో ఉండే ఫైల్ సిస్టమ్) మౌంట్ చేసుకోవచ్చు. ఫైలు పరిమాణానికి హద్దు పెట్టే ఆర్‌లిమిట్_ఎఫ్‌సైజ్ దీనికి ప్రత్యామ్నాయం కాదు; అది వేరే ఎర్రర్‌ను, దానికి ముందు ఒక సిగ్నల్‌ను కూడా పంపుతుంది. చోటు పుష్కలంగా ఉన్నా ఈనోస్పేస్ వస్తుంటే ఐనోడ్లు (ఒక్కో ఫైలు వివరాలను దాచే నమోదులు) అయిపోయాయేమో చూడండి. ఐనోటిఫై (ఫైళ్లలో మార్పులను గమనించే లినక్స్ సదుపాయం) వాచ్‌ల హద్దు నిండినా ఇదే ఎర్రర్ వస్తుంది, ఇది చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది.

లక్షణం: ఒంటరిగా నడిపితే పాస్, మిగతా టెస్టులతో కలిపితే ఫెయిల్

థ్రెడ్లను, ప్రాసెస్‌లను ఖాళీ చేసే టెస్టుల్లో ఇది ఎక్కువ. ప్రాసెస్‌ల సంఖ్యకు హద్దు పెట్టే ఆర్‌లిమిట్_ఎన్‌ప్రాక్ ఒక ప్రాసెస్‌కు చెందిన హద్దులా కనిపించినా, అదే యూజర్ పేరు మీద నడుస్తున్న థ్రెడ్లన్నిటినీ లెక్కిస్తుంది, రూట్‌ను అసలు ఆపదు. దాని బదులు టెస్టును సొంత సీగ్రూప్‌లో (కొన్ని ప్రాసెస్‌లను గుంపుగా చేసి హద్దులు పెట్టే లినక్స్ ఏర్పాటు) పెట్టి, అందులోని ప్రాసెస్‌ల సంఖ్యను నియంత్రించే పిడ్స్ హద్దును నిర్ణయించండి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, కోడ్‌లోని ఫలానా వరుసలో మెమరీ దొరకకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు హద్దులు జవాబివ్వలేవు. దానికి విఫలతను చొప్పించడమే, అంటే మెమరీ ఉన్నా లేదని అబద్ధం చెప్పించడమే మార్గం. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ టెస్టులు ఇలాగే చేస్తాయి: మొదటి విడత మొదటి కేటాయింపు విఫలమయ్యేలా, తర్వాతి విడత రెండోది విఫలమయ్యేలా, విఫలతే లేకుండా పని పూర్తయ్యేదాకా లూపు నడుస్తుంది. ఇందులో యంత్రం పరిమాణానికి పాత్రే లేదు కాబట్టి, వీలైన చోటల్లా నేను దీన్నే ముందు ఎంచుకుంటాను. హద్దులతో నడిచే టెస్టులను కొన్నిటికే పరిమితం చేస్తాను.

ఫెయిలైన టెస్టును మళ్లీ నడిపించే రీట్రై సెట్టింగ్‌ను ఈ గుంపుకు తీసేయండి. మొదటి ప్రయత్నంలో వదిలేసిన ప్రాసెస్‌లు, తాత్కాలిక ఫైళ్లు రెండో ప్రయత్నం ఫలితాన్ని మార్చేస్తాయి. సవరణ పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి అదే టెస్టును ఖాళీ యంత్రం మీద కొన్ని వందల సార్లు, ఆ తర్వాత సీపీయూ, మెమరీ రెండూ ఒత్తిడిలో ఉన్న యంత్రం మీద అన్నే సార్లు నడపండి; రెండో విడతలో మాత్రమే ఫెయిళ్లు వస్తే, టెస్టు ఇంకా ఏదో ఒక వనరును పక్కవారితో పంచుకుంటోంది.