బగ్ గురించి రాసేటప్పుడు

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో, అంటే కోడ్ అందరికీ అందుబాటులో ఉండే సాఫ్ట్‌వేర్‌లో, తప్పు (బగ్) కనిపిస్తే 'చెత్తగా ఉంది, తెలుగు అసలు పనిచేయదు' అని రాసేయకండి. అవతల దాన్ని చదివేది చాలాసార్లు ఆఫీసు పని అయ్యాక రాత్రిపూట కూర్చుని కోడ్ రాసే వాలంటీరు. ఆ మాటకు మనసు నొచ్చుకోవడం తప్ప, ఎక్కడ వెతకాలో ఆ మనిషికి తెలియదు.

ఇలా రాసి చూడండి: 'లక్ష్మి అని టైప్ చేసి పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే వత్తు విడిపోతోంది. నా వెర్షన్ ఇది, ఫాంట్ ఇది. ఫాంట్ మారిస్తే సరిగ్గానే వస్తోంది.' ఆ చివరి వాక్యం చాలా విలువైనది. తప్పు ప్రోగ్రామ్‌ది కాకుండా ఫాంట్‌ది కావచ్చు కదా! నింద వేసే ముందు అది చూసుకోవడం న్యాయం. స్క్రీన్‌షాట్ కూడా జతచేయండి, తెలుగు రానివారికి అదే ఆధారం.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేక రూపంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యాయి. ఏ అక్షరమో, ఏ వెర్షనో స్పష్టంగా తెలిసిన సమస్య అది. అదే నెలలో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ అయిన ఐఓఎస్ 11.2.6 వెర్షన్‌తో సరిచేశారు.

వేరేవాళ్ల కోడ్ చూసేటప్పుడూ అంతే. 'నీకు కోడ్ రాయడం రాదు' అనకుండా 'ఖాళీ ఫైల్ ఇస్తే ఈ ఫంక్షన్ ఆగిపోతోంది' అనండి. ప్రసిద్ధ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అంతటివారే తన కటువైన ఈమెయిళ్లకు 2018 సెప్టెంబరులో క్షమాపణ చెప్పి, కొన్నాళ్లు పనికి విరామం ఇచ్చారు.

బాగున్నది ఒకటి నిజంగా కనిపిస్తే అదీ రాయండి. లేకపోతే మొహమాటానికి పొగడక్కర్లేదు.