గళ్లు గీసుకున్నా రోజు అదుపులో ఉండటం లేదా? లోపం ఎక్కడుందో చూడండి

ఇంట్లో కూర్చునే 14 దుకాణాల లెక్కలు రాస్తాను. ప్రతి నెలా రెండు జీఎస్టీ రిటర్నులు దాఖలు కావాలి: 11వ తేదీకి అమ్మకాల వివరాలుండే జీఎస్టీఆర్-1, 20వ తేదీకి పన్ను లెక్క చూపే 3బి. రూళ్ల పుస్తకంలో రోజును గళ్లుగా గీసుకుని, ఒక్కో గడిలో ఒక్క పనే పెట్టుకోవడం ఆరేళ్ల అలవాటు. మొదటి ఏడాది మాత్రం ఏ పట్టికా మధ్యాహ్నం దాకా నిలవలేదు. నాకు పట్టుదల లేదని బాధపడేదాన్ని. పట్టిక గీసిన తీరే తప్పని చాలా ఆలస్యంగా తెలిసింది. మీకూ అదే బాధ ఉంటే, కింది వాటిలో మీది ఏదో చూసుకోండి.

సమస్య: పదకొండు గంటలకే పట్టిక తప్పుతోంది

కారణం: పనికి ఎంతసేపు పడుతుందో కొలవకుండా ఊహించి రాయడం. డేనియల్ కానమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే ఈ పొరపాటును గుర్తించి పేరు పెట్టారు. ఇదే పని పోయినసారి ఎంతసేపు పట్టిందో మనకు తెలిసినా, ఈసారి అంతా సాఫీగా జరిగిపోతుందన్నట్టే లెక్క వేస్తాం.

ఒక కిరాణా దుకాణం కొనుగోలు బిల్లులకు గంట చాలని రాసుకునేదాన్ని. ఆ బిల్లులన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో వస్తాయి. కొన్నింటికి నూనె అంటి ఉంటుంది, కొన్నింటి మీద అచ్చు వెలిసిపోయి వెలుతురుకు పట్టి చూస్తే గానీ అంకె కనిపించదు. ప్రతి బిల్లులోనూ 15 అక్షరాల జీఎస్టీ నంబరు సరిచూడాలి. గడియారం పెట్టి కొలిస్తే గంటా నలభై నిమిషాలు పట్టింది.

పరిష్కారం: ఒక వారం పాటు గళ్లు గీయకండి. పని మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం మాత్రం రాస్తూ పోండి. ఎనిమిదో రోజున ఆ అంకెలతోనే పట్టిక వేయండి. అంత ఓపిక లేకపోతే, మీరు అనుకున్న సమయానికి అందులో సగం కలపండి.

సమస్య: ఫోను మోగితే గడి మొత్తం పాడవుతోంది

కారణం: మాట్లాడేది రెండు నిమిషాలే, కానీ వదిలిన వరుస మళ్లీ దొరకడానికి చాలాసేపు పడుతుంది. ఇంకో కారణం కూడా ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మన పనిలో కొంత భాగం ఎదుటివాళ్ల చేతిలో ఉంటుంది. రిటర్ను దాఖలు చేసేటప్పుడు ఓటీపీ యజమాని ఫోనుకు వెళ్తుంది. ఆయన అప్పుడు కౌంటరు దగ్గర పప్పు తూస్తూ ఉంటాడు. ‘కాసేపాగి చెబుతానమ్మా’ అంటాడు. నేను తెర ముందు ఖాళీగా కూర్చుంటాను, అడిగిన ఓటీపీకి గడువు దాటిపోతుంది.

పరిష్కారం: ఎదుటివాళ్ల తీరిక ముందు కనుక్కుని, మన గళ్లు దాని చుట్టూ గీయాలి. దుకాణాల్లో రద్దీ తగ్గేది మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడున్నర వరకు. ఓటీపీ పనులన్నీ ఆ గంటలోకి మార్చి, అందరికీ ముందే చెప్పాను. మిగతా ఫోన్లకు పదకొండున్నరకు ఒకసారి, అయిదింటికి ఒకసారి తిరిగి చేస్తాను. నెల తిరిగేసరికి వాళ్లే ఆ వేళలకు అలవాటుపడ్డారు.

సమస్య: భోజనం తర్వాత చదివిన వరుసే మళ్లీ చదువుతున్నాను

మధ్యాహ్నం తొలి గంటల్లో చురుకు తగ్గడం శరీర సహజం, కడుపు నిండా అన్నం తింటే మరీను. లెక్క సరిచూసే పని అప్పుడు పెట్టకండి. కాగితాలు సర్దడం, బ్యాంకుకు వెళ్లడం వంటివి పెట్టండి.

సమస్య: గడి వచ్చినా పని మొదలుపెట్టబుద్ధి కావడం లేదు

కారణం: గడి మరీ పెద్దది. మూడు గంటల గడిని చూస్తేనే నీరసం వస్తుంది. పంచాంగంలో గడియ అంటే 24 నిమిషాలు, రెండు గడియలు ఒక ముహూర్తం. నాకు ఈ కొలత బాగా కుదిరింది. ఇష్టం లేని పనికి ఒక గడియ, బుర్ర పెట్టి చేయాల్సిన పనికి ఒక ముహూర్తం. ఆ తర్వాత కుర్చీలోంచి తప్పకుండా లేవాలి.

సమస్య: పనులన్నీ అయినా సాయంత్రానికి మనసు కుదుటపడటం లేదు

కారణం: పట్టికలో ఖాళీ గడి లేదు. ఒక పని పది నిమిషాలు ఆలస్యమైతే దాని వెనకున్నవన్నీ ఆలస్యమవుతాయి, రోజంతా తరుముతున్నట్టే ఉంటుంది. నా దృష్టిలో పట్టికకు ప్రాణం ఈ ఖాళీ గడే.

పరిష్కారం: భోజనానికి ముందు ముప్పావు గంట, సాయంత్రం ఒక గంట ఏమీ రాయకుండా వదలండి. ఆలస్యమైనవి అందులోకి వస్తాయి. ఏదీ రాకపోతే ఆ సమయం మీది, దాన్ని ఇంకో పనితో నింపకండి. 19, 20 తేదీల్లో నా పుస్తకంలో గళ్లు మూడే ఉంటాయి: ఉదయం రిటర్నులు, మధ్యాహ్నం ఓటీపీలు, సాయంత్రం ఖాళీ. ఆ రెండు రోజులు కొత్త బిల్లుల సంచి ఎవరు తెచ్చినా గుమ్మం పక్కన బల్ల మీద పెట్టి వెళ్లమంటాను. 21న విప్పుతాను.