మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో సబ్‌ఫారమ్ ఐటెమ్స్ మాయమవుతున్నాయా? సమస్య - పరిష్కారం

సమస్య: ఏ బిల్లు తెరిచినా కింద అన్ని బిల్లుల ఐటెమ్సూ వస్తున్నాయి

పైనున్న బిల్లు ఫారమ్‌నీ, దాని కింద ఐటెమ్స్ చూపే లోపలి ఫారమ్‌నీ (సబ్‌ఫారమ్) కలిపే లింక్ ఖాళీగా ఉంది, అంతే. దీనికోసం టేబుల్స్ మళ్లీ కట్టేవాళ్లు, కోడ్ రాసేవాళ్లు ఎంతమందో! ముందు ఇది చూడండి. డిజైన్ వ్యూలో సబ్‌ఫారమ్ అంచు మీద ఒక్కసారే క్లిక్ చేసి, ప్రాపర్టీ షీట్‌లో డేటా ట్యాబ్ తెరవండి. లింక్ మాస్టర్ ఫీల్డ్స్‌లో బిల్లుల టేబుల్ ఐడీ, లింక్ చైల్డ్ ఫీల్డ్స్‌లో ఐటెమ్స్ టేబుల్‌లోని బిల్లు ఐడీ ఉండాలి. ఆ రెండు వరసలే కనబడట్లేదంటే మీరు రెండోసారి క్లిక్ చేసి లోపలి ఫారమ్‌ను పట్టుకున్నారు. పక్కన ఖాళీలో నొక్కి మళ్లీ మొదలుపెట్టండి.

సమస్య: పాతవి కనబడవు, కొత్తవి మాత్రం ఎక్కుతాయి

లోపలి ఫారమ్‌లో డేటా ఎంట్రీ ఎస్ అని ఉంది. నో చేయండి.

సమస్య: ఎక్కించిన ఐటెమ్స్ బిల్లు మార్చి తిరిగొస్తే లేవు

జనాన్ని ఎక్కువగా ఏడిపించేది ఇదే, ఎందుకంటే ఎర్రర్ ఏదీ రాదు. కొత్త బిల్లు తెరుస్తారు. పార్టీ పేరు, తేదీ వదిలేసి నేరుగా కిందికి దిగి "యూరియా, 10 బస్తాలు" అని కొడతారు. పైన ఒక్క అక్షరం పడి ఉన్నా, కిందికి దిగగానే యాక్సెస్ ఆ బిల్లును సేవ్ చేసేది, ఐటెమ్‌కి ఐడీ దొరికేది. ఏమీ పడలేదు కాబట్టి ఐటెమ్ బిల్లు ఐడీ లేకుండానే, నల్‌తో (అంటే ఆ గడి ఖాళీగా), సేవ్ అయిపోతుంది. "ఎన్‌ఫోర్స్ రెఫరెన్షియల్ ఇంటిగ్రిటీ పెట్టాం కదా" అంటారు. ఆ సెట్టింగ్ బిల్లుల టేబుల్‌లో లేని బిల్లు నంబర్‌ను ఆపుతుంది, నల్‌ను ఆపదు.

టెన్షన్ పడకండి, డేటా ఎక్కడికీ పోలేదు. ఐటెమ్స్ టేబుల్ మీద క్వెరీ పెట్టి, బిల్లు ఐడీ కింద క్రైటీరియాలో ఈజ్ నల్ (Is Null) అని రాస్తే అన్నీ బయటికొస్తాయి. కాగితం బిల్లులతో సరిచూసి ఐడీలు నింపండి. అవి నిండాకే టేబుల్ డిజైన్‌లో ఆ ఫీల్డ్‌కి రిక్వయర్డ్ ఎస్ చేయండి. డీఫాల్ట్ వాల్యూలో 0 ఉంటే తీసేయండి.

రిక్వయర్డ్ ఒక్కటే పెడితే మనిషి వరసంతా కొట్టాక ఎర్రర్ వస్తుంది, చిరాకు పడతారు. అందుకే సబ్‌ఫారమ్ బిఫోర్ ఇన్సర్ట్ ఈవెంట్‌లో పై ఫారమ్ ఐడీ నల్ అయితే క్యాన్సిల్ ట్రూ చేసి, "ముందు పార్టీ పేరు కొట్టండి" అని మెసేజ్ ఇవ్వండి. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది.

మిగతావి

ఎంటర్ పారామీటర్ వాల్యూ అని అడిగితే లింక్‌లో రాసిన ఫీల్డ్ పేరులో స్పెల్లింగ్ తేడా, లేదా సబ్‌ఫారమ్ క్వెరీలో ఆ ఫీల్డే లేదు. ఫారమ్ కరప్ట్ అవడం అరుదు. ఇవన్నీ చూశాకే ఖాళీ ఫైల్‌లోకి ఇంపోర్ట్ చేసి చూడండి.