మైలేజ్ పడిపోయిందా? బంకు మార్చే ముందు చక్రం తిప్పి చూడండి

సమస్య: లీటరుకు 18 ఇచ్చే కారు 14కి పడిపోయింది. హన్మకొండలో మా షెడ్డుకు వచ్చేవాళ్లు ముందు అడిగేది ఒకటే: "అన్నా, ఏ కంపెనీ పెట్రోలు కొట్టించాలె?"

పెట్రోలు వల్లనా? ఇండియన్ ఆయిల్, హెచ్‌పీ, భారత్, ఏదైనా సరే, సాదా పెట్రోలు బీఎస్-6 (దేశమంతా ఒకటే ఉండే కాలుష్య నియంత్రణ) ప్రమాణానికే ఉండాలి. కంపెనీ మారితే 4 కిలోమీటర్ల తేడా రాదు. ఈ20తో, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుతో కొంత తగ్గే మాట నిజమే, ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. కానీ అందులో ఇథనాల్ ఐదో వంతే, కాబట్టి ఇంత పడదు. కారు మాన్యువల్ అడగకపోతే ప్రీమియం పెట్రోలుకు ఎక్కువ డబ్బు పెట్టకండి.

ముందు టైర్లలో గాలి చూడండి. పొద్దున బండి తీయకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. దయచేసి ఇది దాటేయకండి. తర్వాత ఫుల్ ట్యాంక్ కొట్టించి, 300 కిలోమీటర్లు తిరిగి, అదే బంకులో అదే పంపు దగ్గర మళ్లీ నింపి లెక్క కట్టండి. రెండుసార్లూ నాజిల్ మొదట ఆగిన చోటే ఆపాలి.

గాలి సరిగ్గానే ఉందా? అయితే బ్రేకు పట్టేస్తోందేమో చూడాలి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒక కారుకు ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్చాను, ఇంజెక్టర్లు క్లీన్ చేశాను. ఓనర్ మూడు బంకులు మార్చాడు. ఏం లాభం లేదు. బ్రేకు తొక్కితే బాగానే ఆగేది, చప్పుడు లేదు, బండి ఒక పక్కకు లాగేది కాదు. అందుకే అటు అనుమానమే పోలేదు. ఒకరోజు జనగామ రోడ్డు మీద తిప్పి వచ్చి దిగితే ముందు ఎడమ చక్రం దగ్గర వేడి కొట్టింది, మిగతా మూడూ మామూలుగానే ఉన్నాయి. కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) జరిగే పిన్ను తుప్పుపట్టి, ప్యాడ్ డిస్కును వదలడం లేదు.

మీరూ బ్రేకు తక్కువ వాడుతూ 10 కిలోమీటర్లు నడిపి, నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. డిస్కును మాత్రం ముట్టుకోకండి, కాలుతుంది. ఒకటే ఎక్కువ వేడిగా ఉంటే జాకీ ఎత్తి చేత్తో తిప్పించండి. బిగుసుకుంటే పిన్నులు తీయించి శుభ్రం చేయించి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజే పెట్టించండి. మామూలు గ్రీజుకు పిన్నుల మీది రబ్బరు తొడుగులు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. వేడెక్కేది వెనక డ్రమ్ము అయితే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ చూపించండి.

ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ కొలిచేది), థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని అదుపులో ఉంచేది) చెడి మైలేజ్ పడడం అరుదు. చెక్ ఇంజిన్ లైటు వెలగకపోతే, టెంపరేచర్ ముల్లు ఎప్పటిలాగే లేస్తుంటే వాటి జోలికి పోకండి. బంకు మీదే అనుమానముంటే 5 లీటర్ల కొలతతో పోసి చూపించమనండి, చూపించాల్సిందే.