పసుపు గది రహస్యాన్ని పెన్సిల్ పట్టుకుని చదవడం ఎలా

ఇళ్లకు ప్లాన్లు గీయడం నా వృత్తి. నవలలో గది వర్ణన వస్తే చాలు, తలుపు ఎటు తెరుచుకుంటుంది, కిటికీ ఏ గోడకు ఉంది అని వెతుకుతాను. చాలా డిటెక్టివ్ నవలలకు ఆ శ్రమ అక్కర్లేదు. గాస్టన్ లెరూ రాసిన 'పసుపు గది రహస్యం' మాత్రం అలా చదివితేనే దాని గొప్పతనం తెలుస్తుంది. 1907లో ఒక ఫ్రెంచ్ వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, మరుసటి ఏడు పుస్తకంగా వెలువడింది. ఇంగ్లిష్ అనువాదం ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కథ ముగింపు ఇక్కడ ఎక్కడా బయటపెట్టను, నిశ్చింతగా చదవండి.

మొదట ఒక పెద్ద తెల్లకాగితం తీసుకోండి. కథ ఒక కోటలోనూ, దాని ఆవరణలో విడిగా ఉన్న పెవిలియన్ అనే చిన్న కట్టడంలోనూ జరుగుతుంది. అసలు నవలలో పెవిలియన్‌కూ, కోట పై అంతస్తుకూ లెరూ ప్లాన్లు ఇచ్చాడు. ఉచిత కాపీల్లో కొన్నింటిలో అవి ఉండవు. ఉన్నా సరే, చూసి వదిలేయకుండా మీ చేత్తో మీరే గీయండి. గీస్తున్నప్పుడే అనుమానాలు పుడతాయి.

సంగతి ఇది. 1892 అక్టోబర్. పారిస్ దగ్గర ఎపినే-సూర్-ఓర్జ్ వైపు గ్లాండియే అనే పాత కోట. దాని ఆవరణలో విడిగా ఒక పెవిలియన్, అందులో ప్రొఫెసర్ స్టాంగర్సన్ ల్యాబ్. ల్యాబ్‌ను ఆనుకుని ఆయన కూతురు మటిల్డ్ పడుకునే గది, అదే పసుపు గది. దానికి ఒక్కటే తలుపు, అదీ ల్యాబ్‌లోకే తెరుచుకుంటుంది. ఒక్కటే కిటికీ, దానికి ఇనుప ఊచలు. రాత్రి పన్నెండున్నరకి ప్రొఫెసరూ, ముసలి పనివాడు జాక్ ల్యాబ్‌లోనే ఉండగా లోపలి నుంచి కేకలు, రివాల్వర్ చప్పుళ్లు వినిపిస్తాయి. తలుపుకి లోపల తాళం, గడియ రెండూ వేసి ఉన్నాయి. బద్దలుకొట్టి చూస్తే మటిల్డ్ నెత్తురోడుతూ పడి ఉంది, గదిలో మరో ప్రాణి లేదు. గోడ మీద పెద్ద చెయ్యి నెత్తుటి గుర్తు ఉంది. నేల మీద గొర్రె ఎముక, ఒక పాత టోపీ, జేబురుమాలు దొరికాయి. కాల్చిన రివాల్వర్ జాక్‌ది.

ఆ పన్నెండున్నరకి ఎవరెక్కడ ఉన్నారో ప్లాన్ మీద పేర్ల మొదటి అక్షరాలతో గుర్తు పెట్టండి. పెన్సిల్‌తోనే పెట్టండి, తర్వాత చెరపాల్సి వస్తుంది. గది ఒక్కటే గీసి ఆపొద్దు. ల్యాబ్, ముందు వసారా, అటకకి వెళ్లే మెట్లు, వాటన్నిటి కిటికీలు కూడా వెయ్యండి. ఏ కిటికీకి ఊచలు ఉన్నాయో, దేనికి లేవో రాసుకోండి. ఏడో అధ్యాయంలో మన డిటెక్టివ్ మంచం కిందకి దూరి నేలంతా పరీక్షిస్తాడు. అక్కడ తొందరపడకండి. ప్లాన్ పక్కన పెట్టుకుని, అతని చూపు ఏ మూల నుంచి ఏ మూలకి వెళ్తోందో గీత గీసుకుంటూ చదవండి. పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీలు అవే.

ఆ డిటెక్టివ్ పద్దెనిమిదేళ్ల రిపోర్టర్, పేరు రూల్తాబీ. పారిస్‌లోని ఒబర్‌కాంఫ్ వీధి హత్య కేసులో శవానికి దొరకని ఎడమ పాదాన్ని కనిపెట్టి తెచ్చి పత్రికలో ఉద్యోగం సంపాదించిన కుర్రాడు. లెరూ కూడా మొదట లాయరు, తర్వాత 'ల మతాఁ' పత్రికకి కోర్టు రిపోర్టరు. అందుకే కథలో సగం సమాచారం పేపర్ వార్తలుగా, సాక్షుల వాంగ్మూలాలుగా, జడ్జి ప్రశ్నలుగా వస్తుంది. వీటికి ఒక విడి కాగితం పెట్టుకోండి. ఎవరు కళ్లారా చూశారు, ఎవరు విన్నారు, ఎవరు ఎవరో చెబితే నమ్మారు అని మూడు వరసలుగా రాయండి. విసుగనిపించినా మానొద్దు.

ఇక అసలు మెళకువ. పోలీసుల తరఫున వచ్చిన పేరుమోసిన డిటెక్టివ్ లార్సాన్ గుర్తులను బట్టి కథ అల్లుతాడు. అడుగుజాడ ఎటు పోతే అటు పోతాడు. రూల్తాబీ పద్ధతి వేరు. ముందు బుద్ధితో ఒక వలయం గీస్తాడు. ఏది జరగడానికి వీలుందో అది లోపల, ఏది అసంభవమో అది బయట. ఆ తర్వాతే గుర్తులను తెచ్చి, వలయంలో ఇమిడేవాటినే ఉంచుకుంటాడు. మీరూ కాగితం మీద నిజంగానే ఒక వలయం గీయండి. గొర్రె ఎముక, చేతి గుర్తు, టోపీ ఇవన్నీ బయట పెట్టి, ముందు తలుపు, గడియ, ఊచలు మాత్రమే లోపల రాయండి. గోడలోంచి మనిషి వెళ్లలేడు, ఇది మీ మొదటి వాక్యం. దాన్ని వదలకుండా ముందుకెళ్తే లెరూ మీకు అన్యాయం చెయ్యలేదని తెలుస్తుంది.

ఆగాల్సిన చోట్లు కూడా చెబుతాను. మొత్తం 29 అధ్యాయాలు. పదకొండో దాంట్లో హంతకుడు ఎలా బయటపడ్డాడో లార్సాన్ తన వివరణ ఇస్తాడు. అది చదవకముందే మీ వివరణ రాసి పెట్టుకోండి. పదహారు, పదిహేడు అధ్యాయాల్లో కోటలోని నడవా దృశ్యం వస్తుంది. నలుగురు వేర్వేరు వైపుల నుంచి తరుముకొస్తారు, చివరికి ఒకరినొకరు ఢీకొంటారు, మధ్యలో ఉండాల్సిన మనిషి ఉండడు. ఆ రాత్రి పుస్తకం మూసి ఆ నడవా ప్లాన్ గీయండి. టెన్షన్‌గానే ఉంటుంది, అయినా పేజీ తిప్పకండి. వెర్సాయ్ కోర్టు విచారణ మొదలయ్యే ముందు మూడోసారి ఆగి, హంతకుడు ఎవరనుకుంటున్నారో ఆ పేరు రాసి మడిచి పెట్టండి.

చదివే రోజుల్లో నెట్‌లో ఈ పుస్తకం గురించి వెతకొద్దు, దీని మీద వచ్చిన సినిమాల నటీనటుల జాబితా కూడా చూడొద్దు. జాన్ డిక్సన్ కార్ 1935లో రాసిన 'ది హాలో మ్యాన్' నవలలో ఒక పాత్ర మూసిన గది కథల మీద పెద్ద ఉపన్యాసం ఇస్తుంది, ఈ నవలని ఆకాశానికెత్తుతుంది. అది కూడా తర్వాతే. అగాథా క్రిస్టీ తన అక్కతో ఈ నవల గురించి మాట్లాడుతుండగానే, తనూ ఒక డిటెక్టివ్ కథ రాయగలనన్న పట్టుదల మొదలైందని ఆత్మకథలో రాసుకుంది.

పుస్తకం అయ్యాకే సినిమా. మార్సెల్ లెర్బియే 1930లో తీశాడు, 1949లో సెర్జ్ రెజియానీతో మరొకటి వచ్చింది. నేను చూడమనేది 2003లో బ్రూనో పొడాలిడెస్ తీసినది. రూల్తాబీగా ఆయన తమ్ముడు డెనీ, మటిల్డ్‌గా సబీన్ అజెమా, లార్సాన్‌గా పియెర్ ఆర్డిటీ, ప్రొఫెసర్‌గా మైకేల్ లాన్స్‌డేల్. డెనీకి అప్పటికి నలభై ఏళ్లు. పద్దెనిమిదేళ్ల కుర్రాడి కోసం ఎదురుచూడకుండా, అతని మాటల్లోని చురుకుదనం చూడండి. నవలలో ప్రొఫెసర్ పదార్థం కరిగిపోవడం మీద పరిశోధన చేస్తాడు. మనిషి గాల్లో కలిసిపోయాడేమో అన్న భయానికి అది గొప్ప నేపథ్యం. సినిమాలో దాన్ని సౌరశక్తిగా మార్చారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, కానీ ఆ భయం తగ్గింది. నాకు నవలలోదే నచ్చింది. నడవా సీను దగ్గర పాజ్ చేసి మీ ప్లాన్ పక్కన పెట్టి చూడండి. కెమెరా ఎక్కడ నిలబడిందో, దేన్ని మీ కంటికి అందకుండా ఉంచిందో అప్పుడు తెలుస్తుంది.

తరువాయి నవల 'నల్ల దుస్తుల స్త్రీ పరిమళం'. అదే బృందం 2005లో దాన్నీ సినిమాగా తీసింది. దాని అట్ట వెనక మాటలు చదివితే మొదటి కథ గుట్టు తెలిసిపోతుంది కాబట్టి, మీరు మడిచి పెట్టిన కాగితం తెరిచి చూసుకున్నాకే దాని జోలికి వెళ్లండి.