మిద్దె మీద టెలిస్కోప్ - 4వ పాఠం: ధ్రువుడికి కొండ అడ్డొస్తే

పోయిన పాఠంలో ఫైండర్‌నీ (చుక్కను వెతికే చిన్న గొట్టం) టెలిస్కోప్ పెద్ద గొట్టాన్నీ ఒకే చుక్క మీదికి తెచ్చాం. ఈసారి ఈక్విటోరియల్ మౌంట్, అంటే భూమి తిరుగుడుకు తగ్గట్టు గొట్టాన్ని చుక్క వెంట తిప్పే స్టాండు తల. కొన్న మొదటి నెలలో చాలామంది చేతులెత్తేసేది దీని దగ్గరే. మాన్యువల్‌లో ఒక్క ముక్కతో సరిపెడతారు: మౌంట్ ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు తిప్పమని. తిరుపతిలో కపిలతీర్థం పక్కన మిద్దె ఎక్కి ఉత్తరానికి తిరిగితే కనిపించేది ధ్రువుడు కాదు, శేషాచలం కొండ.

ఏ ఊరి అక్షాంశం ఎంతో ధ్రువుడు అక్కడ దాదాపు అంత ఎత్తులోనే ఉంటాడు. ఢిల్లీలో 28 డిగ్రీలు దాటి ఉంటే తిరుపతిలో 13.6, చిత్తూరులో 13.2. చెయ్యి చాచి, బొటనవేలు పైకి ఉండేలా పిడికిలి పట్టండి. ఆ పిడికిలి ఎత్తు సుమారు 10 డిగ్రీలు. దాని అడుగు మీ కంటి మట్టానికి ఉంచి, పైన ఇంకో చేతి రెండు వేళ్లు అడ్డంగా పేర్చండి. ధ్రువుడు ఉండాల్సింది అక్కడ. కొండ అంచు ఆ వేళ్లను మించి ఉంటే ఆయన కోసం కూర్చోవడం దండగ. తిరుచానూరు వైపు వెళ్లేకొద్దీ కొండ కుంగుతుంది, ఆయన బయటపడతాడు. పెళ్లిలో పురోహితుడు ధ్రువుణ్ణి చూడమంటే పట్టపగలైనా తలూపేస్తాం. మౌంట్ దగ్గర ఆ మొహమాటం పనికిరాదు.

అసలు చుక్క కనిపించాల్సిన పనేముంది? ఆ దిక్కు, ఆ ఎత్తు తెలిస్తే చాలు. ఎత్తుకు మౌంట్ పక్కనున్న డిగ్రీల స్కేలును 13.6 దగ్గర పెట్టండి. కొన్ని మౌంట్లు 20 దగ్గరే మొరాయిస్తాయి. అప్పుడు బోల్టుతో కుస్తీ పట్టకుండా ట్రైపాడ్‌లో ఉత్తరం వైపు కాళ్లు కాస్త పొట్టి చేయండి. ఇరుసు సరైన చోటికి చూస్తున్నంతకాలం ట్రైపాడ్ మట్టంగా లేకపోయినా నష్టం లేదు.

దిక్కుకు ఫోన్ కంపాస్ చాలంటారు. మన దగ్గర అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా రెండు డిగ్రీల లోపే కాబట్టి ఆ మాట నిజమే. కానీ ఫోన్‌ను ఒకసారి మిద్దె మీద వదిలేసిన పిల్లర్ చువ్వల దగ్గరికి తీసుకెళ్లి చూడండి, ముల్లు ఎటో తిరిగిపోతుంది. గొట్టానికి సరితూగేలా మౌంట్‌కు తగిలించిన ఇనప బరువు, అదే కౌంటర్‌వెయిట్, కూడా అదే పని చేస్తుంది. నాకు నచ్చిన పద్ధతి పాతది. దారానికి రాయి కట్టి వేలాడదీయండి. తిరుపతికి ఆ రోజు సూర్యోదయం, సూర్యాస్తమయం ఎప్పుడో చూసి, రెండింటికీ సరిగ్గా నడిమి సమయం లెక్కేయండి. గడియారంలో 12 గంటలని అనుకోవద్దు. ఆ నిమిషంలో దారం నీడ వెంట సుద్దముక్కతో గీత గీస్తే అది ఉత్తర దక్షిణాల గీత. ఏప్రిల్ చివర్లోనూ ఆగస్టు మధ్యలోనూ సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, గీయడానికి నీడే దొరకదు. ఆ రోజులు వదిలేసి ఇంకెప్పుడైనా గీయండి.

ఇక మన ఊళ్లకే ప్రత్యేకమైన తిప్పలు ఒకటుంది. 13 డిగ్రీలంటే ఇరుసు దాదాపు పడుకున్నట్టే. కౌంటర్‌వెయిట్ నిటారుగా వేలాడి, ఉత్తరం వైపు కాలు ఉంటే ఠక్కున దానికి తగులుతుంది. ఒంటి కాలును దక్షిణానికి, రెండు కాళ్లను ఉత్తరానికి పెడితే వాటి మధ్య దానికి దారి దొరుకుతుంది. అయితే బరువంతా ముందుకే ఉంటుంది కాబట్టి ట్రైపాడ్ నడుమ నీళ్ల క్యాన్ వేలాడదీయండి.

గ్రహాలు, చంద్రుడు చూడటానికి ఇంతే చాలు. ఫొటోలు తీసేవాళ్లకు ఇంకాస్త పని ఉంది. మోటార్ నడుస్తుండగా నడినెత్తికి కొంచెం దక్షిణంగా ఉన్న చుక్కను, ఉదాహరణకు ఓరియన్ (వేటగాడి ఆకారంలోని చుక్కల గుంపు) నడుముకున్న మూడు చుక్కల్లో ఒకదాన్ని, ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) మధ్యకు తెచ్చి ఐదు నిమిషాలు గమనించండి. తూర్పు పడమరలకు జరిగితే పట్టించుకోవద్దు. దక్షిణానికి జారితే ఇరుసు తూర్పుకు ఎక్కువ తిరిగి ఉంది, ఉత్తరానికి జారితే పడమరకు. తర్వాత తూర్పున రెండు పిడికిళ్ల ఎత్తులో ఇంకో చుక్క. అది దక్షిణానికి జారితే ఇరుసు కిందికి ఉంది, ఉత్తరానికి జారితే పైకి ఉంది. ఐపీస్‌లో దక్షిణం ఎటో తెలియకపోతే గొట్టాన్ని పిసరంత ఉత్తరానికి నెట్టండి. చుక్క ఏ అంచు వైపు పారిపోతే అదే దక్షిణం.

ఎంత సరిచేసినా చుక్క నిలవడం లేదా? ముందు ఇరుసును పట్టి ఉంచే క్లచ్ బిగించారో లేదో చూడండి, తర్వాత మోటార్ డబ్బా మీద ఉత్తరార్ధ, దక్షిణార్ధ గోళాల స్విచ్. ఇది అనుభవంతో చెప్తున్నా. ఓ రాత్రి రెండు గంటలపాటు బోల్టులు తిప్పీ తిప్పీ మెడ పట్టేశాక చూస్తే, స్విచ్ దక్షిణం మీదుంది. మోటార్ రివర్స్‌లో తిరుగుతోంది. అర డిగ్రీ చూపించే ఐపీస్‌లో మోటార్ లేకుండానే చుక్క మధ్య నుంచి అంచుకు చేరడానికి నిమిషం పడుతుంది. నాది రెట్టింపు వేగంతో అర నిమిషంలోనే మాయమైంది. ఆ లెక్క అప్పుడే వేసుంటే పది నిమిషాల్లో తేలిపోయేది.

ఈ వారం మీరు చేయాల్సింది: మీ మిద్దె నుంచి ఉత్తరం వైపు కొండ అంచును నోట్‌బుక్‌లో గీసి, ప్రతి చోటా ఎత్తు ఎన్ని పిడికిళ్లో, ఎన్ని వేళ్లో రాయండి. నీడ గీత చూపే దిక్కులో ధ్రువుడు ఉండాల్సిన చోట ఆ బొమ్మ మీద చుక్క పెట్టి, అది కొండ లోపల పడిందా బయట పడిందా చూడండి. వచ్చే పాఠంలో అద్దాలు సరిచేయడం. స్క్రూడ్రైవర్ సిద్ధంగా పెట్టుకోండి, స్క్రూలు మాత్రం అప్పటిదాకా ముట్టుకోవద్దు.